ఒక బొమ్మ వెంట ఆరు రోజులు

ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్‌లో ఏడు వారాలు నేను ఆ ఆర్ట్ మ్యూజియం గడప దాటి ఎక్కడికీ వెళ్లలేదు. చివరి వారం మాత్రం ఒక బొమ్మ వెంట లారీలో వేరే ఊరి మ్యూజియానికి వెళ్లాను. ఆ ఆరు రోజులూ రాత్రిపూట నోట్‌బుక్‌లో రాసుకున్నవే ఇవి. "మ్యూజియంలో ఇంటర్న్‌షిప్ అంటే ఏం చేస్తారు, బొమ్మలు చూస్తూ తిరుగుతారా?" అని అడిగినవాళ్లకు ఇంతవరకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నాకే తెలియక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. ఈ ప్రయాణం చెబితే మిగతా ఏడు వారాలూ అందులోనే వచ్చేస్తాయనిపించింది.

ముందు కొంచెం సంగతి చెప్పాలి. ఆ ఊరి మ్యూజియంలో నదుల మీద ఒక ప్రదర్శన పెడుతున్నారు. దానికోసం మా దగ్గరున్న ఒక చిత్రాన్ని నాలుగు నెలలకు లోన్ అడిగారు. ఇలా ఎరువిచ్చిన చిత్రం ఒంటరిగా వెళ్లదు, ఇచ్చిన మ్యూజియం మనిషి ఒకరు వెంట ఉండాలి. ఆ మనిషినే కొరియర్ అంటారు. మా రిజిస్ట్రార్ మేడమ్ కొరియర్‌గా వెళ్తూ, రాసే పనికి సాయంగా నన్ను రమ్మన్నారు. క్యూరేటర్ అంటే చాలామందికి తెలుసు కానీ రిజిస్ట్రార్ ఎవరో నాకూ చేరేదాకా తెలియదు. మ్యూజియంలో ప్రతి వస్తువూ ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది, ఎలా వచ్చింది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్తోంది అన్న లెక్క అంతా వాళ్లదే.

చిత్రం పెద్దదేం కాదు. మూడున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, నార గుడ్డ మీద నూనె రంగులు. సాయంత్రపు నది, ఒడ్డున రెండు పడవలు, ఒకదాంట్లో కూర్చుని తాడు ముడివేస్తున్న మనిషి. సంతకం లేదు. చిత్రకారుడు ఎవరో తెలియదు.

మొదటి రోజు

పొద్దున్నే బొమ్మను గోడ మీంచి దించారు. ఫ్రేమ్‌ను పైఅంచు పట్టుకుని ఎత్తకూడదు, పాత ఫ్రేముల మూలలు ఊడివస్తాయి. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన, ఇద్దరు మనుషులు మోయాలి, ముందు తలుపుందో మెట్టుందో మూడో మనిషి చెబుతూ నడవాలి. తెల్లటి నూలు గ్లౌజులు వేసుకుంటారని నేను సినిమాల్లో చూసి అనుకునేదాన్ని. అవి జారతాయి, పైగా ఎత్తుకుని ఉన్న రంగు పెచ్చులకు దారాలు తగులుకుంటాయి, అందుకని మా దగ్గర నైట్రైల్ అనే పల్చటి రబ్బరు గ్లౌజులే.

బొమ్మను మెత్త పరిచిన బల్ల మీద పడుకోబెట్టి నేను కండిషన్ రిపోర్ట్ మొదలుపెట్టాను. బయలుదేరే ముందు చిత్రం ఏ స్థితిలో ఉందో రాసే కాగితం అది. చేరాక అక్కడివాళ్లతో కలిసి మళ్లీ చూస్తాం, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి, ఇంటికి చేరాక ఇంకోసారి. నాలుగుసార్లూ ఒకటే కాగితం మాట్లాడుతుంది. మొదటి వారంలో నేను రాసిన మొట్టమొదటి రిపోర్ట్‌లో "బాగుంది, అక్కడక్కడ చిన్న పగుళ్లు" అని రాసి ఇస్తే, మేడమ్ చదివి వెనక్కి ఇచ్చేశారు. "అక్కడక్కడ అంటే ఎక్కడ? ఎడమ అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లు, కింది అంచు నుంచి ఎన్ని? పగులు అతుక్కుని ఉందా, రంగు పైకి లేచిందా? పాతదా, కొత్తదా? నువ్వు రాసింది చదివి, బొమ్మ ఎదురుగా లేకుండా, నేను పగులు మీద వేలు పెట్టగలగాలి" అన్నారు. కోప్పడలేదు, నిజంగానే అడిగారు. ఆ రోజంతా నాకు అవమానంగా ఉండింది. రెండో వారానికి మాత్రం ఆ ప్రశ్నలే నా కళ్లలా పనిచేయడం మొదలుపెట్టాయి.

గదిలో లైట్లు ఆర్పి టార్చిని బొమ్మ పక్కన, దాదాపు దాని మట్టానికి పెడితే వెలుగు ఏటవాలుగా పడుతుంది, అప్పుడు కాన్వాస్ మైదానంలా ఉండదు, కొండలూ లోయలూ కనిపిస్తాయి. రంగు ఎక్కడ మందంగా వేశాడో, గుడ్డ ఎక్కడ వదులైందో, పగుళ్లు సాలెగూడులా ఎక్కడ అల్లుకున్నాయో అన్నీ తెలుస్తాయి. అప్పుడే ఒకటి చూశాను. పడవలోని మనిషి చేతుల్లో ఉన్న తాడుకు నాలుగు వేళ్ల పైన, నది నీళ్లకు వేసిన రంగు కింద, ఇంకో తాడు గట్టు కట్టినట్టు ఉంది. ముందు చేతులు పైకెత్తి తాడు లాగుతున్నట్టు గీసి, తర్వాత దాన్ని నీళ్లతో కప్పేసి, చేతులు కిందికి దించి ముడి వేయించాడన్నమాట. దీన్ని ఇటాలియన్ మాటతో పెంటిమెంటో అంటారు, పశ్చాత్తాపం అనే అర్థంలోంచి వచ్చిన మాట. పేరు కూడా మిగలని ఒక మనిషి ఒక మధ్యాహ్నం మనసు మార్చుకున్న గుర్తు నా టార్చి కింద ఉంది. కాసేపు రాయడం ఆపేశాను.

తర్వాత అతినీలలోహిత టార్చి. దాని కింద పాత సహజ జిగురు వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, ఆ మధ్య ఎవరో దిద్దిన చోట్లు నల్ల మచ్చల్లా తేలతాయి. ఆకాశంలో అలాంటివి మూడు, కొలిచి రాశాను. తర్వాత వెనకవైపు.

వెనకవైపు గురించి ఒక మాట చెప్పాలి. మూడో వారంలో బడి పిల్లల గుంపు వస్తే వాళ్లకు గ్యాలరీ చూపించే పని నాకు ఇచ్చారు. నేను నాలుగు రోజులు కష్టపడి తయారైన మాటలన్నీ చెప్పాక ఒక పాప "అక్కా, ఈ బొమ్మ వెనక ఏముంది?" అని అడిగింది. నాకు తెలియదు. ఆర్ట్ హిస్టరీ చదువుతున్నానని చెప్పుకునే నేను అప్పటికి ఒక్క చిత్రం వెనకవైపు కూడా చూడలేదు, పుస్తకాల్లో వెనకవైపు వెయ్యరు కదా. ఆ సాయంత్రమే మేడమ్‌ని అడిగితే స్టోర్‌కి తీసుకెళ్లి చూపించారు. గుడ్డను బిగించిన చెక్క చట్రం, మూలల్లో చట్రాన్ని విప్పార్చడానికి దిగేసిన చిన్న చెక్క చీలలు, పాత ప్రదర్శనల లేబుళ్లు, చెరిగిపోయిన సుద్ద అంకెలు, మ్యూజియం నంబరు. మా నంబరులో ముందు ఆ వస్తువు వచ్చిన సంవత్సరం, తర్వాత ఆ ఏడాది అది ఎన్నో చేర్పు, ఆ చేర్పులో ఇది ఎన్నో వస్తువు అన్న అంకెలు వరసగా ఉంటాయి. ముందువైపు చిత్రకారుడిది, వెనకవైపు ఆ తర్వాత దాన్ని పట్టుకున్నవాళ్లందరిదీ. ఈ నది బొమ్మ వెనక నాలుగు లేబుళ్లున్నాయి, ఒకటి సగం చిరిగి ఉంది. ఒక మూల చీల లేదు. రాశాను.

సాయంత్రానికి ప్యాకింగ్ అయిపోయింది. క్రేట్ అంటే బొమ్మను పంపే గట్టి పెట్టె, దాని లోపల బొమ్మ కొలతకు కోసిన ఫోమ్, మూతకు మేకులు కాదు స్క్రూలు, ఎందుకంటే సుత్తి దెబ్బ లోపలి రంగుకు తగులుతుంది. లోపల ఉష్ణోగ్రత, తేమ, కుదుపులు నమోదు చేసే చిన్న యంత్రం ఒకటి పెట్టారు. ఖాళీ అయిన గోడ మీద మేడమ్ నా చేత చీటీ రాయించి అంటించారు: నంబరు, ఎప్పుడు తీశారు, ఎక్కడికి, తీసినవారు. "ఆ చీటీ లేకపోతే ఏమవుతుందో తెలుసా?" అని అడిగి, మోనాలిసా సంగతి చెప్పారు. 1911 ఆగస్టు 21, సోమవారం, అది ఉన్న పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి సెలవు. ఆ రోజే విన్సెంజో పెరూజ్జా అనే అతను దాన్ని గోడ మీంచి తీసుకుపోయాడు. గోడ ఖాళీగా ఉన్నా, ఫొటో తీయడానికి స్టూడియోకు పట్టుకెళ్లారేమో అనుకున్నారు. పోయిందని తేలింది మర్నాడే. దొరకడానికి 1913 డిసెంబర్ దాకా పట్టింది, అదీ ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో. నేను చీటీ మీద నా పేరు ఇంకోసారి చదువుకున్నాను, అక్షరాలు విడివిడిగా తెలుస్తున్నాయా లేదా అని.

రెండో రోజు

తెల్లవారకముందే లోడింగ్. క్రేట్‌ను నిలబెట్టే ఎక్కిస్తారు, పడుకోబెట్టరు. అది కూడా లారీ వెళ్లే దిక్కుకు సమాంతరంగా, పక్క గోడకు ఆనించి పట్టీలతో కడతారు, బ్రేకు వేసినప్పుడు కాన్వాస్ ముందుకూ వెనక్కూ డప్పులా కొట్టుకోకుండా. లారీకి స్ప్రింగు పట్టీల బదులు గాలి తిత్తుల సస్పెన్షన్ ఉంది, లోపల ఏసీ ఉంది. డ్రైవర్లు ఇద్దరు. దారిలో ఎక్కడ ఆగినా ఒకరు బండి దగ్గరే ఉండాలి, ఆ ఒకరిలో నా వంతూ ఉంది.

పద్నాలుగు గంటల దారి. పెద్ద డ్రైవరన్న ఇరవై ఏళ్లుగా ఇలాంటి సరుకే తోలుతున్నాడట. "లోపల ఏముందో నేను ఎప్పుడూ చూడలేదమ్మా, మూత తీసేసరికి నేను ఇంకో లోడుకి వెళ్లిపోయుంటాను. కానీ గుంత కనిపిస్తే ముందు నా నడుమే బిగుసుకుంటుంది" అన్నాడు. నేను ఫోన్‌లో నది బొమ్మ చూపించాను. బండి ఆపి ఉన్నప్పుడే, ఆయనే ఆపి చూశాడు. చాలాసేపు చూసి, "పడవ తాడు అలా వెయ్యరు, వదులుగా ఉంది, వీడింకా వెయ్యడం పూర్తి కాలేదు" అన్నాడు. నేను ఆ బొమ్మను ఏడు వారాలుగా చూస్తున్నాను, ముడి పూర్తయిందనే అనుకుంటూ ఉన్నాను.

దారి పొడవునా మేడమ్ చెప్పినవాటిలో రెండు నాకు బాగా పట్టుకున్నాయి. ఒకటి పికాసో గీసిన గెర్నికా గురించి. 1937లో పారిస్ ప్రదర్శన కోసం గీసిన చిత్రం, దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల డెబ్బై ఏడు సెంటీమీటర్ల వెడల్పు. తర్వాత ఎన్నో ఏళ్లపాటు దేశాలు తిరిగింది, చుట్టడం విప్పడం, చుట్టడం విప్పడం. 1981లో స్పెయిన్‌కు చేరింది. ఆ తిరుగుడుకు అది ఎంత దెబ్బతిన్నదంటే, ఇప్పుడు ఎవరు లోన్ అడిగినా మాడ్రిడ్‌లోని రైనా సోఫియా మ్యూజియం ఇవ్వదు. ఎంతోమంది చూడాలనే తిప్పారు, ఆ చూపించడంలోనే అరిగింది. ఇందులో తప్పొప్పులు చెప్పడం నాకు చేతకాలేదు. కానీ మనం తోలుకుపోతున్న క్రేట్ వైపు ఒకసారి తిరిగి చూశాను.

రెండోది నాకు ఇంకా ఇష్టమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నేషనల్ గ్యాలరీ చిత్రాలను బాంబుల నుంచి కాపాడటానికి, 1941లో వేల్స్‌లోని మానోడ్ అనే చోట కొండ కింద పలకరాయి గనిలోకి చేర్చారు. గని లోపల ఇటుక గదులు కట్టి, గాలిలో వేడినీ తేమనూ ఒకే స్థాయిలో ఉంచారు. అంతకుముందు లండన్ గోడల మీద ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు అడిగిన బొమ్మలు అక్కడ నిలకడగా ఉన్నాయి. తిరిగి లండన్ చేర్చాక మళ్లీ రంగు లేవడం మొదలైంది. చెక్క, గుడ్డ, జిగురు, రంగు అన్నీ తేమకు ఒకే తీరున ఉబ్బవు, ఒకే తీరున కుంచించుకుపోవు. ఆ పేచీలోనే పగుళ్లు పుడతాయి. మ్యూజియాల్లో ఇప్పుడు తేమ కొలిచే యంత్రాలు మూలమూలా కనబడటం వెనక ఆ గని నేర్పిన పాఠం ఉంది. నా ఇంటర్న్‌షిప్‌లో రోజూ పొద్దున చేసే మొదటి పని ఆ అంకెలు రాసుకోవడమే. నలభైకీ అరవై శాతానికీ మధ్య ఉందా, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారింది. రెండు వారాలు అది గుమస్తా పనిలా తోచింది. గని కథ అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది.

ఇంకో సంగతి. అదే యుద్ధకాలంలో, 1942 నుంచి, ఖాళీ అయిన ఆ గ్యాలరీలో నెలకొక్క బొమ్మను మాత్రం గని నుంచి తెచ్చి పెట్టేవారు. బాంబులు పడే ఊళ్లో ఒక్క బొమ్మ చూడటానికి జనం వచ్చేవారు. ఇది విన్నాక చాలాసేపు నేనేం మాట్లాడలేదు.

రాత్రి పదకొండుకు చేరాం. క్రేట్‌ను అక్కడి స్టోర్ పక్క గదిలో పెట్టి, సీలు నంబరు ఇద్దరం చూసుకుని, సంతకాలు చేశాం.

మూడో రోజు

ఏమీ జరగని రోజు. క్రేట్ వచ్చాక కనీసం ఇరవై నాలుగు గంటలు విప్పకుండా ఉంచాలి, లోపలి గాలి బయటి గాలికి మెల్లగా అలవాటు పడటానికి. నేనేమో మూత తీస్తే చాలన్నట్టు ఉన్నాను.

అందుకని ఆ మ్యూజియం గ్యాలరీలన్నీ తిరిగాను. జనాన్ని చూస్తూ గడిపాను అంటే నిజం. చాలామంది ముందు గోడ మీది లేబుల్ చదువుతారు, తర్వాత బొమ్మ వైపు ఒక చూపు, తర్వాత పక్క లేబుల్. నేనూ అంతే చేసేదాన్ని, కాబట్టి వాళ్లను ఏమీ అనను. ఒక పెద్దాయన మాత్రం కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీసి, ఒకే నీటిరంగు చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ గదిలో వెలుగు చాలా తక్కువ. "ఇంత చీకట్లో ఎందుకు పెడతారో" అని ఎవరో విసుక్కున్నారు. నాకు చెప్పాలనిపించింది కానీ చెప్పలేదు. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు; కాగితం మీది బొమ్మలకు, బట్టలకు యాభై లక్స్ దాటనివ్వరు, నూనె రంగులకు నూట యాభై, రెండు వందల దాకా పెట్టొచ్చు. వెలుగు చేసే నష్టం రోజురోజుకీ కూడుతూ పోతుంది. బొమ్మను చీకట్లో పెడితే నష్టం ఆగుతుంది తప్ప పోయిన రంగు తిరిగి రాదు. చిత్రకారుడు వాన్ గో 1888లో తన పడకగదిని గీసి, గోడలు లేత ఊదారంగు అని ఉత్తరంలో రాశాడు. ఇప్పుడు ఆ గోడలు నీలం. ఊదాలో కలిపిన ఎరుపు వెలిసిపోయింది, నీలం ఒక్కటే మిగిలింది. ఆయన ఉత్తరం లేకపోతే నీలమే వేశాడనుకునేవాళ్లం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు

మధ్యాహ్నం మూత తీశాం. బొమ్మలు పాడవకుండా చూసి, పాడైతే బాగుచేసే అక్కడి కన్జర్వేటర్ గారు, ఇద్దరు సహాయకులు, మేడమ్, నేను. ముందుగా యంత్రంలోని అంకెలు చూశాం. నేను రోడ్డు మీది గుంతలన్నీ పెద్ద గీతలుగా కనిపిస్తాయనుకున్నాను, అన్నిటికన్నా పెద్ద కుదుపులు లారీ ఎక్కించినప్పుడూ దించినప్పుడూ వచ్చినవే. డ్రైవరన్నకు ఈ సంగతి తెలియాలి అనుకున్నాను, ఆయన అప్పటికే ఇంకో లోడుకి వెళ్లిపోయాడు.

బొమ్మను బల్ల మీద పెట్టి, నా రిపోర్ట్ చేతిలో పట్టుకుని కన్జర్వేటర్ గారు ఎడమ పైమూల నుంచి మొదలుపెట్టారు. నేను చదువుతుంటే ఆయన భూతద్దంతో చూసి "ఉంది" అంటున్నారు. పగులు, ఎడమ నుంచి పన్నెండు, పై నుంచి ఏడు. ఉంది. దిద్దిన మచ్చ. ఉంది. అలా ఇరవై దాకా వచ్చి, నా జాబితా అయిపోయింది. ఆయన చూపు మాత్రం ఆగలేదు. కుడి కింది మూల దగ్గర, ఫ్రేమ్ నీడ పడే చోట, నువ్వుగింజంత మేర రంగు లేదు. కింద తెల్లటి పూత కనిపిస్తోంది. "ఇది మీ రిపోర్ట్‌లో లేదు" అన్నారు.

నా చేతులు చల్లబడిపోయాయి. ఇది మామూలు టెన్షన్ కాదు. ఇలాంటి లోన్లకు ఇన్సూరెన్స్ మన గోడ మేకు నుంచి బయలుదేరి మళ్లీ మన గోడ మేకు చేరేదాకా ఉంటుంది. ఆ మధ్యలో ఏ అంగుళంలో రంగు రాలిందన్నది తేలకపోతే, రెండు మ్యూజియాలూ, రవాణావాళ్లూ, పద్నాలుగు గంటలు నడుం బిగబట్టి బండి తోలిన ఆ మనిషీ, అందరూ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ కాగితం మీద పరీక్షించినవారు అన్న చోట ఉన్నది నా సంతకం.

గదిలో ఎవరూ గొంతు పెంచలేదు, అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కన్జర్వేటర్ గారు ముందు బొమ్మ చుట్టిన షీటును బల్ల మీద పరిచి, ఫోమ్ అంచులను, క్రేట్ అడుగును టార్చి వేసి వెతికారు. ఇప్పుడు రాలి ఉంటే ముక్క అక్కడే ఎక్కడో ఉండాలి. ఏమీ లేదు. తర్వాత ఆ చోటును సూక్ష్మదర్శిని కింద చూసి, నన్ను పిలిచి చూడమన్నారు. కొత్తగా విరిగిన రంగు అంచు పదునుగా, శుభ్రంగా ఉంటుందట. ఇక్కడ అంచు గుండ్రంగా అరిగి ఉంది, గుంటలో దుమ్ము ఉంది, ఆ దుమ్ము మీద కూడా వార్నిష్ సన్నగా పరుచుకుని ఉంది. వార్నిష్ వేసేనాటికే ఆ రంగు లేదు. అంటే మేమెవ్వరం పుట్టకముందే పోయింది.

అప్పుడు మేడమ్ నా ఫొటోలు తెరిచారు, మొదటి రోజు ఏటవాలు వెలుగులో నేనే తీసినవి. కుడి కింది మూలను పెద్దది చేస్తే, ఉంది, స్పష్టంగా ఉంది. కెమెరా చూసింది, నేను చూడలేదు. ఫ్రేమ్ నీడ ఉన్నచోట టార్చిని ఇంకోవైపు నుంచి కూడా పెట్టి చూడాలని నాకు తెలుసు, మూడు వైపుల నుంచి చూసి, నాలుగో వైపు వచ్చేసరికి ఆ రెండో తాడు సంబరంలో ఉన్నాను. పాత రిపోర్ట్ తిరగేస్తే అందులోనూ "స్థితిలో మార్పు లేదు" అనే ఉంది, దాన్ని నమ్మాను.

నేను పెన్సిల్ తీసి నా జాబితా చివర ఆ అంశం చేర్చబోయాను. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "పాతదాన్ని దిద్దకు. ఆ రోజు నువ్వు చూసింది ఆ రోజు కాగితం మీద అలాగే ఉండనీ. ఇవాళ చూసింది ఇవాళ్టి తేదీతో కొత్త కాగితం మీద రాయి. ఎలా తెలిసిందో, ఎందుకు పాతదనుకుంటున్నామో కూడా రాయి" అన్నారు. రాశాను. కన్జర్వేటర్ గారు సంతకం చేశారు, మేడమ్ చేశారు, నేను చేశాను. నా తప్పు ఇప్పుడు ఆ ఫైలులో ఉంది, ఆ బొమ్మ ఉన్నంతకాలం ఉంటుంది. రాత్రి గదిలో కాసేపు ఏడ్చాను. సిగ్గుతో కొంచెం, ముక్క ఇప్పుడు రాలింది కాదన్న నిమ్మదితో ఎక్కువ.

"ఎరువు సొమ్ములు బరువు చేటు అంటారు కదా, అది పెట్టుకున్నవాళ్లకే కాదు, ఇచ్చినవాళ్లకూ వర్తిస్తుంది" అన్నారు మేడమ్ లైటు ఆర్పే ముందు. ఆమె కూడా ఆ మధ్యాహ్నం భయపడ్డారని నాకు అప్పుడు అర్థమైంది.

ఐదో రోజు

వేలాడదీయడం. నేల నుంచి బొమ్మ నడుమ దాకా నూట యాభై సెంటీమీటర్లు, అక్కడి లెక్క అది. గోడ మీద పెన్సిల్ గుర్తు, నీటిమట్టం చూసే గొట్టం, రెండు హుక్కులు, ఎవరూ ఎత్తి తీయలేకుండా అడుగున ఒక స్క్రూ. లైటు మొదట వేసినప్పుడు లక్స్ మీటర్ మూడు వందల పైన చూపించింది, తగ్గించుకుంటూ వచ్చి నూట యాభై దగ్గర ఆపారు. అంత తగ్గిస్తే సాయంత్రపు నీటి మెరుపు పోతుందేమో అనుకున్నాను. కళ్లు అలవాటు పడ్డాక ఆ మెరుపు మెల్లగా పైకి వచ్చింది, లైటు ఎక్కువున్నప్పటికన్నా లోతుగా.

అందరూ వేరే గోడకు వెళ్లాక నేను ఆరడుగుల దూరం నుంచి చూశాను. ఇక్కడి నుంచి రెండో తాడు కనిపించదు, నువ్వుగింజంత ఖాళీ కనిపించదు, వెనక చీల లేని మూల కనిపించదు. చూసేవాళ్లకు నది, పడవలు, ఒక మనిషి. డ్రైవరన్న చెప్పింది గుర్తొచ్చి ముడి దగ్గరికి వెళ్లి చూశాను. నిజమే, తాడు కొస ఇంకా మనిషి పిడికిట్లోనే ఉంది, ముడి పూర్తి కాలేదు. మొదట తాడు లాగుతున్నట్టు గీసి, మనసు మార్చుకుని ముడిలోకి దించిన చిత్రకారుడు, ఆ ముడిని కూడా సగంలోనే వదిలాడు. పడవ కట్టేస్తున్నాడో, విప్పుతున్నాడో కూడా ఇక చెప్పలేం. మా కేటలాగ్‌లో ఈ చిత్రం వివరణ "పడవను కట్టేస్తున్న మనిషి" అని ఉంది. ఇది మేడమ్‌కి చెప్తే, ఆలోచించి, "క్యూరేటర్‌కి ఉత్తరం రాయి, నీ పేరుతోనే రాయి, గమనించింది డ్రైవర్ అని కూడా రాయి" అన్నారు.

ఆరో రోజు

ఖాళీ క్రేట్ నాలుగు నెలలు అక్కడే ఉంటుంది, తిరుగు ప్రయాణానికి. మేం బస్సులో వచ్చేశాం. దారంతా నిద్రపోయాను.

మ్యూజియం చేరాక ఇంటర్న్‌షిప్‌లో నాకు మిగిలిన చివరి పని, కొత్త కాగితాలను ఆ బొమ్మ ఫైలులో చేర్చడం. వెళ్లేముందు పైనున్న రెండు రిపోర్టులు మాత్రమే కాపీ తీసుకున్నాం, ఫైలు అడుగుదాకా నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాను. అడుగున, పసుపు రంగుకు తిరిగిన ఒక కాగితం, టైపు కాదు, చేతిరాత, నేను పుట్టకముందటి తేదీ. పేరు లేదు, రెండు పొడి అక్షరాలున్నాయి, అవీ సరిగ్గా తెలియవు. పగుళ్లు ఒక్కొక్కటీ అంచుల నుంచి కొలిచి రాసి ఉన్నాయి. చివరి వాక్యం: "కుడి కింది మూల, అంచుకు దగ్గరగా, రంగు చిన్న ముక్క లేదు, పాతది, టార్చి కింది నుంచి పెడితేనే కనబడుతుంది."

ఆ పేజీ తర్వాత ఎవరో "మార్పు లేదు" అని రాశారు, ఆ తర్వాత ఇంకొకరు అదే రాశారు, ఆ తర్వాత నేను. నా రెండు కాగితాలకూ అంచున రంధ్రాలు చేసి పైన చేర్చాను, పసుపు కాగితాన్ని కూడా కాపీ తీసి వాటి వెనకే పెట్టాను, తర్వాత వచ్చేవాళ్లు అడుగుదాకా వెళ్లకపోయినా చేతికి తగిలేలా. ఫైలు అరలో పెట్టి, గ్యాలరీలోకి వెళ్లి ఖాళీ గోడ చూశాను. చీటీ అంటించినట్టే ఉంది. ఒక పాప వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఆ చీటీ పైకి చదువుతోంది, నంబరు, తేదీ, వెళ్లిన ఊరు, చివరగా నా పేరు.